ఎడమకు ఒరిగిన నేల

ఇంకా నీలం రాలేదు. పూలు విచ్చని అవిసె చేను బూడిద కలిసిన పచ్చదనంతో, మంచు బరువుకు తలలు వాల్చుకుని, దుప్పటి తీయనివ్వని పిల్లలా ముడుచుకుని ఉంది, సూర్యుడు చెరుకు తోటల వెనక నుంచి ఇప్పుడే తల ఎత్తుతున్నాడు, గట్టు మీద నిలబడ్డ అక్షత ఎడమ చంకలో దీపిక మాత్రం ఎప్పుడో లేచి, తల్లి మెడలోని నల్లపూసలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ, లోకమంతా తన కోసమే ఆగినట్టు చూస్తోంది. నిజంగానే ఆగింది. సోమవారం, రాహుకాలం తొమ్మిదింటికి గాని వదలదు. ఝరాసంగం గుడి దగ్గర గుండు చేసే అతను తొమ్మిదింబావుకు రమ్మన్నాడు. పిల్లను ఒళ్ళో పెట్టుకుని మొదటి కత్తెర వేయాల్సిన మేనమామ గిరీశ్ బీదర్‌లో ఎక్కిన బస్సు ఎక్కడుందో తెలియదు, అతన్ని తీసుకురావడానికి భర్త మాణిక్ బండి వేసుకుని జహీరాబాద్ బస్టాండ్‌కు పోయాడు. వాళ్ళు వచ్చేదాకా అత్తాకోడళ్ళు ఇక్కడే, తమ రెండెకరాల చేను దగ్గర. పుట్టువెంట్రుకలతో పాటు చేని మీది పంట పిడికెడు దేవుడి ముందు పెట్టడం ఆ ఇంట్లో ఆనవాయితీ, అందుకని అత్త గంగమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని సాళ్ళలోకి దిగింది, వంగిన ఆమె వీపు మాత్రమే కనిపిస్తోంది, కాసేపు అదీ లేదు. అక్షత కుడి చేతిలో ఫోను ఉంది. చంకలో పిల్ల ఉంది. పిల్ల తల మీద పదకొండు నెలల జుట్టు ఉంది, మెడ దగ్గర చుట్టలు చుట్టలుగా, చెవుల మీద దూది పింజలా, ఈ ఎండ తగిలితే మధ్యలో ఎక్కడో రాగి రంగు. ఇంకో రెండు గంటల్లో అది ఉండదు. అది ఉండేదని చెప్పడానికి ఈ లోకంలో ఒక్క ఫోటో కూడా లేదు.

ఒక్కటి. ఒక్కటి తీస్తే ఏమైతుంది. నిన్న ఫోనులో గిరీశ్ అన్నది అదే. "అక్కా, నీ ఫోన్‌ల చెరుకు లారీల ఫోటోలు నాలుగొందలున్నయ్, నా మేనకోడలిది ఒక్కటి లేదు. ఎవ్వలకు చెప్పనుగని ఒక్కటి తీసి నాకు పంపు, మీ అత్తమ్మకు తెల్వది." వాడికి నవ్వులాట. ఈ ఫోను కూడా వాడిచ్చిందే, బీదర్‌లో మొబైల్ రిపేరు దుకాణంలో పనిచేస్తాడు, ఎవరో వదిలేసి పోయిన దాన్ని బాగుచేసి, మూల అద్దం పగిలిందిగాని కెమెరా మంచిదక్కా అని పంపించాడు. అత్తకు తెలియకపోవడం పెద్ద సంగతి కాదు. తనకు తెలుస్తుంది కదా. తీసిన మరుక్షణం నుంచి పిల్ల తుమ్మితే, పాలు కక్కితే, రెండు నిమిషాలు ఎక్కువ నిద్రపోతే, ఆ ఫోటో కడుపులో రాయిలా కూర్చుంటుంది కదా. దిష్టి లేదు మొక్కు లేదు అని గుండె మీద చేయి వేసుకుని చెప్పగల ధైర్యం ఉంటే ఎప్పుడో తీసేది. లేదు. ఆ ధైర్యం ఆ అద్దాల పెట్టె దగ్గర పోయింది.

హైదరాబాద్ దవాఖానలో అద్దాల పెట్టె. ఎనిమిదో నెల నిండకుండానే పుట్టిన పిల్ల, కిలో మూడు వందలు, మాణిక్ అరచేయి మీద పెడితే కాళ్ళు మణికట్టు దాటవు. కామెర్లు దిగాలని పెట్టె మీద నీలం దీపం పెట్టారు. అక్షత మొదటిసారి గోడ పట్టుకుని నడుచుకుంటూ పోయి చూసినప్పుడు పిల్ల తెల్లగానో నల్లగానో లేదు, నీలంగా ఉంది, కళ్ళకు గుడ్డ కట్టి ఉంది, నీళ్ళ అడుగున పడుకున్న ఏదో జీవిలాగా, ఇంకా ఈ భూమ్మీదికి పూర్తిగా రాని దానిలాగా. ఏడవాలనిపించలేదు. చేతులు జోడించాలనిపించింది. అంత చిన్న ఛాతీ లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది. ఎవరు చెప్పారు దానికి లేవమని. అప్పుడే పక్కన నిలబడ్డ మాణిక్, పాపం సంతోషంతోనే, ఊళ్ళో వాళ్ళకు చూపెడదామని ఫోను ఎత్తాడు, ఫ్లాష్ ఆపడం మరిచిపోయాడు, తళుక్కుమంది, ఆ తళుకుతోనే మిషను కీకీమని మొత్తుకుంది. నర్సు వచ్చి చూసి, కాలికి కట్టిన వైరు జారిందంతేనని సరిచేసి, ఫోటోలు తీయొద్దని కసిరిపోయింది. పది సెకన్లు. ఆ పది సెకన్లలో గంగమ్మ అక్కడే వరండాలో చెప్పులు విడిచి, ఝరాసంగం దిక్కు ఏదో తెలియక నాలుగు దిక్కులకూ తిరిగి మొక్కింది. "తండ్రీ, నీకు ఎంటికలిచ్చేదాంక ఈ పిల్ల బొమ్మ ఎవ్వలం తియ్యం." మాణిక్ ఆ ఫోటోను అప్పుడే తుడిపేశాడు. వైరు జారడానికి, ఫ్లాష్‌కు సంబంధం లేదని అక్షతకు తెలుసు. తెలిసి ఏం లాభం. మొక్కిన చేతులు అత్తవి, కాని ఆ మాటకు తనెన్నడూ ఎదురు చెప్పలేదు, లోలోపల గట్టిగా పట్టుకుంది కూడా.

ఇరవై ఆరు రోజులు ఆ ఛాతీ వంక చూసింది. చూడడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది, అంతకు ముందు కళ్ళుండేవి గాని చూపు లేదేమో. లేచింది, దిగింది. ఇంటికొచ్చాక కూడా పిల్ల పడుకుంటే పక్కన కూర్చుని అదే పని. లేచింది, దిగింది. ఒక్కోసారి ఆగినట్టనిపించేది, తన ఊపిరి బిగబట్టి ముక్కు కింద వేలు పెట్టేది, వెచ్చగా తగిలేది, మళ్ళీ లోకం నడిచేది. అట్లా చూసి చూసి, పిల్ల మీద నుంచి కళ్ళెత్తినప్పుడు కిటికీ బయటి వేపచెట్టు కూడా లేస్తూ దిగుతూ కనిపించింది, రోడ్డు మీద పోయే లారీ మీది పట్టా గాలికి పొంగి అణిగి ఊపిరి తీసుకుంటున్నట్టు కనిపించింది, ఇన్నేళ్ళూ ఇవన్నీ ఇట్లానే బతికి ఉన్నాయా అని ఆశ్చర్యమేసింది. ఎదురుగా ఉన్నది తీయకూడదు. సరే, ఎదురుగా లేనిదంతా తీయవచ్చు కదా. ప్రతి నెలా పిల్లను తూకానికి తీసుకుపోయేది, కార్డులో పచ్చ పట్టీ, పసుపు పట్టీ, ఎర్ర పట్టీ ఉంటాయి, దీపిక చుక్క ఎప్పుడూ పసుపులోనే, అంగన్‌వాడీ టీచర్ పెన్ను ఎత్తేదాకా అక్షత గుండె ఎక్కడుండేదో. వచ్చేటప్పుడు తిన్నగా ఇంటికి రాకుండా కొంత దూరం నడిచేది. పిల్లను ఎడమ వైపు ఎత్తుకుని, కుడి చేత్తో ఫోను పట్టుకుని, బొటనవేలితో నొక్కేది. నొక్కిన ప్రతిసారీ ఏదో ఒకటి కాసేపు కదలకుండా, పారిపోకుండా, తన దగ్గర ఉండిపోయినట్టు.

ఏం చూసిందని. అన్నీ చూసింది. హైవే మీద సాయంత్రం, బొంబాయి పోయే లారీలన్నీ ఒకేసారి దీపాలు వేస్తే రోడ్డు మొత్తం లేచి నడుస్తున్నట్టుండేది. జూన్‌లో మొదటి వాన, ఈ ఎర్ర నేల మీద చినుకు పడిన చోటల్లా దుమ్ము చిన్న గుండ్రని మూతిలా లేచి ముద్దు పెట్టినట్టు ముడుచుకునేది. బస్టాండులో గొడుగులు, పైనుంచి చూడాలని పక్క లాడ్జి వాళ్ళను బతిమాలుకుని మెట్లెక్కింది, నల్ల గొడుగుల మధ్య ఒకే ఒక్క ఎర్ర గొడుగు. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ప్రహరీ లోపల వరసగా నిలబెట్టిన కొత్త బండ్లు, ఇంకా మట్టి తొక్కని చక్రాలు, వాటిల్లో కొన్ని మాణిక్ చేతి మీదుగా పోయినవే, ఏది అతనిదో అతనికే తెలియదు. అల్లం కడిగే చోట పైపు నీళ్ళ జోరుకు ఎర్ర మట్టి కొట్టుకుపోతుంటే కింది నుంచి బంగారు వేళ్ళు బయటపడేవి, నిజంగా వేళ్ళే, పసిపిల్లల వేళ్ళలాంటి కణుపులు, ఆ ఫోటో తీశాక ఆ పూట తూకం సంగతే మరిచిపోయింది. పదో తరగతి నడుమలో అమ్మకు జబ్బు చేసి, వంటకు మనిషి కావాలని బడి మాన్పించినప్పటి నుంచి తనకు లోకమంటే పొయ్యి, బావి, మళ్ళీ పొయ్యి, తర్వాత పెళ్ళి. ఇంత పెద్ద లోకాన్ని జహీరాబాద్‌లోనే ఎవరు దాచిపెట్టారో.

మెయిన్ రోడ్డు మీద ఫోటో స్టూడియో నడిపే మహిధర్ ఆ ఫోటోలు చూసి, తన గ్రూపులో కలిపాడు. ఆదివారాలు పొద్దున్నే కెమెరాలు మెడలో వేసుకుని చెరువుకట్టలూ బెల్లం బట్టీలూ తిరిగే పదిమంది మగవాళ్ళ గ్రూపు, మందుల షాపాయన, బ్యాంకాయన, లెక్కల పంతులు దేవరాజ్ సారు. రెండు మూడు సార్లు మాణిక్ బండి మీద దింపితే తనూ పోయింది. వాళ్ళకు మూడు కాళ్ళ స్టాండ్లున్నాయి. తనకు ఒక చంకలో పిల్ల ఉంది. బెల్లం బట్టీ దగ్గర ఆవిరి లేచి తెల్లవారి వెలుగులో కొండలా నిలబడితే వాళ్ళు స్టాండ్లు విప్పి కాళ్ళు సరిచేసుకునేలోపే ఆ కొండ కరిగిపోయింది, అక్షతకు మాత్రం దొరికింది. దొరికితే ఏం, మహిధర్ చూసి నవ్వాడు. "మస్తున్నదిగని అక్షతమ్మా, నేల సాఫ్ ఉండాలె గద. నీ ఫోటోల నీళ్ళు పోస్తె అన్ని ఎడమదిక్కుకే కారిపోతయ్." దేవరాజ్ సారు ఊరుకుంటాడా. "మీ ఇంటి గోడలు గూడ గిట్లనేనా మేడం, మేస్త్రీని మార్చున్రి." తనూ నవ్వింది. ఇంటికొచ్చి మళ్ళీ చూసుకుంది. నిజమే, అన్నీ ఎడమకు ఒరిగాయి. చదువు లేకపోతే ఇంతే, తిన్నగా పట్టుకోవడం కూడా రాదు అనుకుంది. ఆ తర్వాత ఎంత జాగ్రత్తపడ్డా అంతే, తీసేటప్పుడు తిన్నగా ఉన్న నేల తీశాక ఒరిగేది, పైగా రోజురోజుకూ ఎక్కువ.

ఎండ చెరుకు తోట దాటింది. సాళ్ళ మధ్య నుంచి గంగమ్మ లేచి నిలబడి నడుం మీద చేయి వేసుకుంది, పిడికిట్లో అవిసె కొమ్మలు, రెండు శనగ మొక్కలు, ఒక కుసుమ పువ్వు. చీర మోకాళ్ళ దాకా మంచుకు తడిసిపోయింది.

"సూడు, కాల్వల తిరిగొచ్చినట్టు తడిసిన. గింత మంచు."

"వాన లేక రెండు నెలలాయె గదత్తమ్మా, ఎట్ల బతికింది గీ చేను?"

"ఇది సత్తెం పంట. నీళ్ళు పెట్టం, మందెయ్యం. రాత్రి పడ్డ మంచు తాగి బతుకుతది, అంతే. ఎవ్వలం బతికియ్యలే, అదే బతికింది." గంగమ్మ అంటూ అంటూ పిల్ల వైపు ఒక్కసారి చూసి, చూపు చటుక్కున పంట మీదికి మరల్చుకుంది, ఎక్కువసేపు చూస్తే తన కన్నే తగులుతుందేమో అన్నట్టు. "ఇంకింత శనగ తెంపుకొస్త. పిల్లకు చెవులు కప్పు, గాలున్నది."

కప్పలేదు. కప్పితే జుట్టు కనిపించదు. గంగమ్మ వీపు మళ్ళీ చేనులో మునిగింది. మాణిక్ లేడు. గిరీశ్ లేడు. రోడ్డు మీద ఒక షేర్ ఆటో, వాళ్ళ బండి కాదు, పోయింది. ఇప్పుడు. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. రేపటి నుంచి ఎన్నైనా తీసుకోవచ్చు, బోడిగుండు నవ్వులు, మొదటి అడుగులు, మొదటి రోజు బడి, కాని ఈ జుట్టున్న పిల్ల, ఆ నీలం నీళ్ళ అడుగు నుంచి ఇంతదూరం ఈదుకుంటూ వచ్చిన ఈ పిల్ల, ఈ పొద్దుతో పోతుంది. పెద్దయ్యాక అడుగుతుంది, అమ్మా నేను చిన్నప్పుడు ఎట్లుంటి అని. చెరుకు లారీలు చూపించాలా. వేళ్ళు వాటంతటవే కెమెరా తెరిచాయి, ఫోను దూరంగా పట్టుకుని, తన వైపు తిప్పింది, తెర మీదికి ముందు ఆకాశం వచ్చింది, తర్వాత తన ముక్కుపుడక, తర్వాత కిందికి దించితే దీపిక. వెనక నుంచి ఎండ. జుట్టులో ప్రతి పోగూ విడివిడిగా, చివర చివర నిప్పు అంటుకున్నట్టు, అబ్బ, ఇంత ఉందా, ఇన్నాళ్ళూ చేతులతో దువ్వింది గాని ఇంత ఉందని తెలియదు. దీపిక నల్లపూసలు వదిలి ఫోను వైపు చూసింది. ఫోను కూడా దీపికను చూసింది. దానికి మనిషి ముఖం దొరికితే చుట్టూ పసుపు గీతలతో ఒక చిన్న చతురస్రం కడుతుంది, అది దాని అలవాటు, కట్టింది. నాలుగు గీతల మధ్య దీపిక. పెట్టెలో దీపిక.

బొటనవేలు గాలిలో ఆగిపోయింది. తళుకు. కీకీ. ఫ్లాష్ లేదు, తెలుసు, ఆపే ఉంది, రెండుసార్లు చూసుకుంది. అయినా వేలు దిగలేదు. ఊపిరి బిగబట్టి ఆ చతురస్రం లోపలి ఛాతీ వంకే చూసింది, లేచింది, దిగింది, పెట్టెలో పెట్టినా ఆగలేదు, లేచింది, పిల్ల బోసినోటితో నవ్వి చేయి చాచి ఫోనును పట్టుకోబోయింది, చతురస్రం చెదిరిపోయింది. అక్షత ఫోను దించేసింది. భయపడ్డావు, అంతేనా అని తనను తనే అడిగింది. భయమే. కాని భయం ఒక్కటే కూడా కాదు. చెప్పులు విడిచి నాలుగు దిక్కులకూ తిరిగిన ఆ ముసలి మనిషి గుర్తొచ్చింది, దేవుడు ఏ దిక్కున ఉన్నాడో తెలియకపోయినా ఇచ్చిన మాట పదకొండు నెలలు పట్టుకున్న మనిషి, సొంత కళ్ళను కూడా నమ్మక పక్కకు తిప్పుకునే మనిషి. ఇంకో రెండు గంటలు ఆగలేక ఆ మాటను దొంగతనంగా తెంపితే, ఆ ఫోటోలోని పిల్ల ఎప్పుడు చూసినా దొంగ సొమ్ములానే కనిపిస్తుంది. సరే. ఉండదు. ఈ జుట్టున్న పిల్ల ఎక్కడా ఉండదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే చేను మసకబారింది.

ఫోను గుయ్యిమంది. మహిధర్. ఛబ్బీస్ జనవరి, జెండా పండుగ నాడు లైబ్రరీ గోడకు గ్రూపులో ఒక్కొక్కరిది ఒక్కో ఫోటో పెడుతున్నాడు, వారం నుంచి అడుగుతున్నాడు. పొద్దున పదింటి లోపల ఒకటి పంపమ్మా, ప్రింటుకు పోవాలె, జర నేల సక్కగ చేసి పంపు, ఎడిట్‌ల కింద గీతల పట్టీ ఉంటది, జరుపుతె సక్కగైతది. ఏడుపు ఆగడానికి ఏదో ఒక పని కావాలి, ఇదే చేద్దామనుకుంది. ఎప్పుడూ వాడలేదు ఆ పట్టీని. మొదటి ఫోటో తెరిచింది, ఏప్రిల్‌ది, హైవే లారీలది. పట్టీని వేలితో కొంచెం జరిపింది, నేల తిన్నగైంది, పైన ఒక అంకె వచ్చింది, ఒకటి, పక్కన చిన్న సున్నా. డిగ్రీ. ఆ సున్నా ఎక్కడో చూసింది. తొమ్మిదో తరగతి, జామెట్రీ బాక్సు, సగం చంద్రుడిలాంటి కోణమాని, తరగతిలో అందరికంటే ముందు కోణం కొలిచేది తనే, టీచర్ చూడకముందే కంటితో చెప్పేసేది, ముప్పై, నలభై ఐదు. బడి పోయింది గాని ఆ సున్నా పోలేదు. రెండో ఫోటో, జూన్, మొదటి వాన. రెండు. బస్టాండ్ గొడుగులు, సెప్టెంబరు. మూడున్నర. పత్తి లారీలు, నవంబరు. ఐదు. అల్లం, డిసెంబరు. ఆరు. ఇదేంటి. చేయి వంకర అయితే అన్నీ ఒకేలా వంకర ఉండాలి కదా, ఒకసారి అటు, ఒకసారి ఇటు పోవాలి కదా. ఇది ఎప్పుడూ ఎడమకే, ఎప్పుడూ పెరుగుతూ. ఒకటి, రెండు, మూడున్నర, ఐదు, ఆరు. ఈ వరస తనకు నోటికొచ్చు. ఎక్కడ చూసింది ఈ వరస.

కార్డు. తూకం కార్డు. ఏప్రిల్‌లో రెండు కిలోలు, జూన్‌లో మూడు, సెప్టెంబరులో నాలుగున్నర, నవంబరులో ఆరు, డిసెంబరులో ఆరు ముప్పావు. అంకెలు వేరైనా పెరిగిన తీరు అదే, టీచర్ పెన్నుతో పెట్టిన ప్రతి చుక్కా ఇక్కడ ఉంది. అక్షత గట్టు మీద అట్లానే కూర్చుండిపోబోయి, కూర్చోలేక నిలబడి, తన ఒంటి వైపు తనే చూసుకుంది. ఎడమ నడుం బయటికి తోసి ఉంది, దాని మీద పిల్ల. ఆ బరువుకు సరిపెట్టడానికి ఒళ్ళంతా కుడికి వాలి ఉంది, కుడి భుజం కిందికి, కుడి చేయి, చేతిలో ఫోను, అన్నీ కుడికి. ఫోను కుడికి వాలితే ఫోటోలో నేల ఎడమకు దిగుతుంది. అంతే. పదకొండు నెలలుగా అంతే. ఒక్క రోజు కూడా పిల్లను దించి తీయలేదు, దించితే ఊపిరి కనిపించదు కదా. లారీల ఫోటోలో ఉంది పిల్ల. వానలో ఉంది. ఎర్ర గొడుగు తీసేటప్పుడు చెవి కొరుకుతూ ఉంది. బెల్లం ఆవిరిలో తుమ్మింది. నాలుగు వందల ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా కనిపించకుండా, ఒక్కటీ వదలకుండా ఉంది, ఇంత బరువుతో, ఇంకొంచెం బరువుతో, జహీరాబాద్ చుట్టుపక్కల నేలనంతా తన వైపుకు ఒంచుకుంటూ. చేతిలో పట్టే కిలో మూడు వందల పిల్ల. మట్టిని, హైవేను, ఆకాశాన్ని ఒంచింది.

తల ఎత్తింది. నీలం వచ్చింది. ఎప్పుడు వచ్చిందో, ఏ పువ్వు ముందు విచ్చుకుందో, చూస్తానని ఇంతసేపు నిలబడి ఆ ఒక్క నిమిషం చూడలేదు, ఇప్పుడు రెండెకరాలూ నీలం. అవిసె పువ్వు ఒక్క పూటదే, పొద్దున విచ్చుకుంటే మధ్యాహ్నానికి రాలిపోతుంది, రేపు ఇంకో పువ్వు, ఆ తొందర వల్లనో ఏమో ఒక్కటి కూడా ఆగలేదు, అన్నీ ఒక్కసారే తెరిచాయి. గాలి వస్తే చేను లేచింది, దిగింది. లేచింది, దిగింది. నీలం దీపం కింద ఆనాడు చూసిన ఛాతీ ఇంతైంది, రెండెకరాలైంది, మంచు తప్ప ఏమీ తాగకుండా. చేతులు జోడించాలంటే ఒక చేతిలో పిల్ల, ఒక చేతిలో ఫోను. ఫోనే ఎత్తింది. నడుం సరిచేసుకోలేదు, భుజం ఎత్తలేదు, పిల్లను ఇంకొంచెం పైకి జరుపుకుని, ఆ జుట్టు తన చెంపకు తగులుతుండగా, ఆ జుట్టుకు మంచు వాసన, పాల వాసన వస్తుండగా, నొక్కింది. పట్టీ జరిపి చూసింది. ఏడు. పట్టీని మళ్ళీ వెనక్కి జరిపేసి, అట్లానే, ఒరిగింది ఒరిగినట్టే మహిధర్‌కు పంపింది. నేల సక్కగ చెయ్యకు అన్నా, గట్లనే ఉండనియ్యి. అక్షరాలు కూడబలుక్కుంటూ టైపు చేసింది.

రోడ్డు మీద బండి హారన్. వెనక కూర్చున్న గిరీశ్ బండి ఆగకముందే దూకి గట్టెక్కాడు. "బందె అక్కా, వచ్చిన. రోడ్డు మీద చెరుకు ట్రాలీ పల్టీ కొట్టింది, గంట నిలబడ్డది బస్సు." మేనకోడలిని ఎత్తుకుని గాలిలో ఎగరేయబోయి, అక్క ముఖం చూసి మానుకుని, పిల్లను తిరిగి ఆమె ఎడమ చంకలో పెట్టి, చెవి దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"తీసినవా?"

"తీసిన."

ఫోను ఇచ్చింది. గిరీశ్ చూశాడు, పెద్దది చేసి చూశాడు, అటూ ఇటూ జరిపాడు. "పిల్లేది? చేనున్నది."

అక్షత జవాబు చెప్పేలోపు గంగమ్మ వచ్చేసింది, కొంగులో పంట మూట కట్టుకుని, ముఖంలో అనుమానం. "ఏందిరా, ఏం తీసింది? ఇటు తే." గిరీశ్ చేతిలో నుంచి ఫోను లాక్కుని, దూరంగా పట్టుకుని, కళ్ళు చిట్లించి, ఏ మూలైనా పిల్ల కాలో చెయ్యో ఉందేమోనని అంచులన్నీ వెతికింది. లేదు. ఊపిరి వదిలింది. తర్వాత తల కొంచెం పక్కకు వంచింది.

"చేను మంచిగచ్చింది. గని నేల గిట్లెందుకొరిగింది? మన చేను సాఫుంటది గద."

"బరువుకత్తమ్మా," అంది అక్షత.

గంగమ్మకు ముందు అర్థం కాలేదు. ఫోటోను చూసింది. కోడలు నిలబడ్డ తీరు చూసింది, తోసుకొచ్చిన ఎడమ నడుం, దాని మీద ఎగిరెగిరి పడుతున్న పిల్ల, కుడికి వాలిన భుజం. మళ్ళీ ఫోటో చూసింది, మళ్ళీ కోడల్ని. ఆ ముడతల ముఖంలో ఏదో మెల్లగా విచ్చుకుంటుంటే, దాన్ని బయటికి రానివ్వకుండా పెదవులు బిగించింది. ఫోను అక్షత చేతిలో పెట్టి, పిల్లను రెండు చేతులతో అందుకుని, తన ఎడమ నడుం మీద వేసుకుంది. వేసుకోగానే ఆ ముసలి ఒళ్ళు కూడా అట్లానే, అంతే కోణంలో, కుడికి వాలింది.

"గట్టిగనకు, బరువని," అంది నాలుగు వైపులా చూసి, గొంతు తగ్గించి. "ఎవలన్న అడిగితె మా నేల మెత్తగుంటదని చెప్పు."